శీర్షికలు మధ్యలో చొరబడే పట్టికలు: పవర్ క్వెరీతో ఆరేళ్లు

మండలాలవారీ వర్షపాతం పట్టికలను ప్రతి నెలా ఒక దారికి తేవడం నా ఉద్యోగంలో భాగం. అవి ఎక్సెల్ ఫైళ్లుగానే వస్తాయి కానీ, అచ్చు తీసి గోడకు అంటించడానికి తయారుచేసినట్టు ఉంటాయి. జిల్లా పేరు ఒక వరుస మొత్తాన్ని ఒంటరిగా ఆక్రమిస్తుంది. దాని కింద ఆ జిల్లా మండలాలు, ఆ తరువాత ‘జిల్లా సగటు’, మళ్లీ మరో జిల్లా పేరు. పేజీ మారిన ప్రతిచోటా కాలమ్ శీర్షికలు తిరిగి ప్రత్యక్షమవుతాయి. ఆ శీర్షికలు కూడా రెండంతస్తులవి: పైన జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు అంటూ కలిపేసిన సెల్స్, వాటి కింద ఒక్కో నెలకు ‘సాధారణం’, ‘నమోదైనది’.

చదివే మనిషికి ఇందులో ఇబ్బందేమీ లేదు; కళ్లు పైకెత్తి జిల్లా పేరు చూసుకుంటాడు. ఫిల్టర్‌కు, సారాంశం తీసే పివట్ టేబుల్‌కు ఆ సౌకర్యం లేదు. చిత్తూరు జిల్లాలో ఒక గంగవరం మండలం ఉంది, పాత తూర్పు గోదావరి జిల్లాలో మరో గంగవరం ఉంది. పట్టికను మండలం పేరు మీద ఒక్కసారి సార్ట్ చేస్తే ఆ రెండు వరుసల్లో ఏది ఎక్కడిదో తేల్చడానికి ఆధారమే మిగలదు. గణాంక శాస్త్రవేత్త హ్యాడ్లీ విక్హమ్ 2014లో రాసిన పద్ధతి ప్రకారం ఒక్కో అంశానికి ఒక కాలమ్, ఒక్కో పరిశీలనకు ఒక వరుస ఉండాలి. అంటే నాకు కావలసినవి జిల్లా, మండలం, నెల, కొలత రకం, మిల్లీమీటర్లు అనే అయిదు కాలమ్‌లు మాత్రమే.

పట్టికలను తెచ్చి సరిదిద్దే పవర్ క్వెరీ అనే పరికరం 2013లో ఎక్సెల్‌కు విడిగా తగిలించుకునే అనుబంధంగా వచ్చి, 2016 వెర్షన్ నుంచి డేటా ట్యాబులో అంతర్భాగమైంది. దాని బలమంతా చేసిన ప్రతి పనినీ ఒక మెట్టుగా గుర్తుపెట్టుకోవడంలో ఉంది. ఒకసారి మెట్లు సరిగా కట్టుకుంటే, వచ్చే నెల ఫైల్‌ను అదే ఫోల్డర్‌లో పడేసి రిఫ్రెష్ నొక్కడమే పని. అంతకుముందు జిల్లా పేర్లను కాపీ చేసి కిందికి లాగుతూ నేను రెండేసి రోజులు గడిపేవాడిని.

అయితే ఏ వరుస శీర్షిక, ఏది సమాచారం అన్నది ఆ పరికరానికి తెలియదు. ఆ నియమం మనమే చెప్పాలి. జిల్లా పేరు కలిపేసిన సెల్‌లో ఉంటుంది కనుక విలువ మొదటి కాలమ్‌లోనే పడి, మిగిలినవన్నీ ఖాళీగా వస్తాయి. ‘రెండో కాలమ్ ఖాళీగా ఉంటే మొదటి కాలమ్‌లోని పేరు తీసుకో, లేకుంటే ఖాళీ వదిలెయ్’ అని కండిషనల్ కాలమ్ ఒకటి చేర్చి, దానికి పై విలువను కింది ఖాళీల్లో నింపే ఫిల్ డౌన్ ఇస్తే ప్రతి మండలం పక్కనా దాని జిల్లా వచ్చి కూర్చుంటుంది. తరువాత జిల్లా వరుసలను, సగటు వరుసలను, పేజీ శీర్షికలను ఫిల్టర్‌తో తీసేయవచ్చు. ఈ నియమం చాలాకాలం బాగానే నడిచింది. ఒక నెల ఒక కొత్త మండలానికి జూన్ సాధారణ వర్షపాతం ఇవ్వలేదు. ఆ మండలం కాస్తా జిల్లా అయిపోయి, కిందనున్న మండలాలన్నింటినీ తనలో కలిపేసుకుంది. ఎర్రగీత రాలేదు, హెచ్చరికా లేదు. అప్పటినుంచి ఎనిమిది అంకెల కాలమ్‌లూ ఖాళీగా ఉంటేనే జిల్లాగా లెక్కించమని రాశాను.

జిల్లాల పేర్ల జాబితాతో సరిపోల్చడం అంతకంటే భద్రమని ఒక సహోద్యోగి వాదించేవారు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆయన జాబితా ఆ నెలలోనే పాతబడింది. నా నియమం వరుస ఆకారాన్ని చూస్తుంది తప్ప పేరును చూడదు కనుక దాన్ని ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

రెండంతస్తుల శీర్షిక ఇంకొంచెం తిప్పలు పెడుతుంది. పై రెండు వరుసలను నిలువు కాలమ్‌లుగా తిప్పి, అంటే ట్రాన్స్‌పోజ్ చేసి, నెలల పేర్లను ఫిల్ డౌన్‌తో నింపి, రెండు కాలమ్‌లను నడుమ ఒక నిలువు గీతతో కలిపి, తిరిగి ట్రాన్స్‌పోజ్ చేస్తే ‘జూన్|సాధారణం’ వంటి ఒకే శీర్షిక వస్తుంది. మొదట్లో తెలియక పట్టిక మొత్తాన్నీ తిప్పేవాడిని, కంప్యూటర్ మూలిగేది. ఇప్పుడు ఆ రెండు వరుసలనే విడదీసి తిప్పి, మిగతా పట్టికకు పైన అతికిస్తున్నాను. చివర జిల్లా, మండలం కాలమ్‌లను ఎంచుకొని మిగిలినవాటిని నిలువుగా వరుసల్లోకి దించి, అంటే అన్‌పివట్ చేసి, నిలువు గీత దగ్గర విడగొడితే నెల, కొలత రకం వేరవుతాయి.

అన్‌పివట్ దగ్గరే నాకు ఈ పరికరం మీద అసలైన ఫిర్యాదు ఉంది. ఖాళీ సెల్స్‌ను అది చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. వర్షపాతంలో సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే నమోదు అందలేదని. ఈ రెండోది పట్టికలోంచి మాయమైతే ఎక్కడి నమోదు అందలేదో తెలియకుండా పోతుంది. అందుకే అన్‌పివట్‌కు ముందు ఖాళీల స్థానంలో -999 పెట్టి, తరువాత మళ్లీ ఖాళీ చేస్తాను. ఇంత అవసరమైన విషయానికి ఒక టిక్కు పెట్టె ఇచ్చి ఉంటే బాగుండేది.

చిన్నచిన్న చికాకులు ఇంకా ఉన్నాయి. ఫైల్ తెరవగానే పవర్ క్వెరీ తనంతట తాను చేర్చే, ఏ కాలమ్‌లో అంకెలు, ఏ కాలమ్‌లో అక్షరాలు అని నిర్ణయించే ‘ఛేంజ్డ్ టైప్’ మెట్టులో కాలమ్ పేర్లు అక్షరాలా రాసి ఉంటాయి. ఒక పేరు మారితే అన్నీ ఆగిపోతాయి కనుక దాన్ని ముందే తొలగిస్తాను. ఫిల్ డౌన్ నిజమైన ఖాళీనే నింపుతుంది. ఒకసారి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన అక్షరాల ఫైల్) రూపంలో వచ్చిన ఫైల్‌లో ఖాళీలన్నీ అక్షరాలు లేని పదాలుగా వచ్చేసరికి ఒక్క వరుస కూడా నిండలేదు. ఇంగ్లీషు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలను వేర్వేరుగా చూస్తుంది. కాలమ్ నాణ్యతను చూపే గీతలు మనం మార్చకపోతే మొదటి 1000 వరుసలకే పరిమితమని తెలియక కొన్నాళ్లు వాటిని నమ్మాను.

ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే ఫైల్ అయితే నేను దీని జోలికి పోను, చేత్తోనే సరిచేస్తాను. పైథాన్ వచ్చినవారు పట్టికల కోసం ఉన్న పాండాస్ లైబ్రరీతో ఇదే పని తక్కువ వరుసల కోడ్‌తో చేస్తారు. కానీ నేను సెలవు పెట్టిన రోజున నా స్థానంలో కూర్చునేవారు ఎక్సెల్ తప్ప మరొకటి తెరవరు. వారికి నేను రాసిపెట్టినది ఒక్కటే: రిఫ్రెష్ అయ్యాక మండలాల సంఖ్యను నాలుగు నెలలతో, రెండు కొలతలతో గుణించి, వచ్చిన అంకె వరుసల సంఖ్యతో సరిపోయేదాకా పట్టికను ఎవరికీ పంపవద్దని.