40 అడుగుల గేటు, 40 మీటర్ల గేటు: బ్లెండర్‌తో నాలుగేళ్ళు
కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది కొలత రాసే చిన్న పెట్టె. ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం నాలుగేళ్ళుగా విజయవాడ చుట్టుపక్కల కట్టడాలు తయారు చేస్తున్నాను. ఆ పెట్టెలో 40 పక్కన ‘ఎఫ్‌టీ’ అని కొడితే 12.192 మీటర్లని తనే మార్చుకుంటుంది. గజాలూ తెలుసు. కొలతంటే అడుగులే అనుకునే మేస్త్రీల మధ్య పెరిగినవాడికి ఇది ఎంత సుఖమో చెప్పలేను.

అయితే ప్రకాశం బ్యారేజీ దగ్గర దెబ్బ తిన్నాను. కొత్త ఫైలు తెరవడానికి బద్ధకించి పాతదానిలోనే మొదలుపెట్టాను. అందులో యూనిట్లు ‘నన్’ (ఏవీ లేవు) అని ఉన్నాయి. పెట్టెలో ఉత్త అంకెలే కనిపిస్తుంటే, గేట్లన్నీ అడుగుల్లోనే కదా అని 40, 12 కొట్టుకుంటూ పోయాను. మొత్తం 70 గేట్లు. పిట్టగోడ, దీపస్తంభాలు మాత్రం అలవాటుగా మీటర్లలో గీశాను.

త్రీడీ బొమ్మను సిమ్యులేటర్‌కు పంపే జీఎల్‌టీఎఫ్ రకం ఫైలుకు అడుగన్న మాటే తెలియదు, అంకె అంటే మీటరే. సిమ్యులేటర్‌లో గన్నవరం నుంచి సెస్నా అనే చిన్న విమానం ఎక్కి నది వైపు తిరిగానో లేదో బ్యారేజీ కనిపించింది. 1,223.5 మీటర్లు ఉండాల్సినది నాలుగు కిలోమీటర్లు సాగి, అటు సీతానగరం దాటి, ఇటు వన్‌టౌన్ ఇళ్ళ మీదికి ఎక్కింది. ఒక్కో గేటు నాలుగంతస్తుల మేడంత. దాని కింద కృష్ణమ్మ పంట కాలువలా ఉంది.

అడుగంటే 0.3048 మీటరు కాబట్టి మొత్తాన్ని అంతకు కుదించి, హమ్మయ్య అనుకుని మా చెల్లెలికి చూపించాను.

“అన్నయ్యా, పిట్టగోడ కట్టడం మరిచిపోయారా?” అంది.

ఉంది. ముప్పై సెంటీమీటర్ల ఎత్తున. దీపస్తంభాలూ అలాగే కుదించుకుపోయాయి, తులసికోటలో గుచ్చిన పుల్లల్లా. రెండు రాత్రులు అవి మళ్ళీ గీశాను.

అక్కడితో తీరలేదు. గేట్ల మధ్య స్తంభాల అంచులు 5 సెంటీమీటర్లు గుండ్రం చేయమంటే ఒకటిన్నరే చేసింది. పొడవు, వెడల్పు గడుల్లో లెక్క సరిగ్గానే ఉంది. పైనున్న స్కేల్ గడిలో మాత్రం 0.305 అలాగే కూర్చుంది. కంట్రోల్ ఏ నొక్కి స్కేలు ఖాయం చేస్తేనే దారికి వచ్చింది. కాబట్టి పెట్టెకు అన్నీ తెలుసన్న ధోరణిలో మొదట రాసినది కొంచెం ఎక్కువే. మనం యూనిట్లు పెట్టినప్పుడే దానికి తెలుసు.

నాలా పాత అడుగుల లెక్కలు పట్టుకుని, ఒక్కో కట్టడమే చేతితో గీసుకునేవారికి ఇది హాయి. ఎవరో చేసిన మోడళ్ళు తెచ్చి పేర్చుకునేవారికి ఈ పెట్టెతో అంత పని పడదేమో. నేను ఆ పని ఎక్కువగా చేయలేదు.

ఇప్పుడు ప్రతి ఫైలులో ముందు ఆరడుగుల మనిషి బొమ్మను నిలబెట్టి, పక్కనే కట్టడం మొదలుపెడతాను. పని అయ్యాక తీసేస్తాను. గన్నవరం టెర్మినల్ దగ్గర ఒకసారి తీయడం మరిచాను. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు.