ఎక్స్-15 కిట్ కోసం ఆగాలా, పుష్పక్ చేసుకోవాలా? ఏది మేలు?

రాత్రిపూట శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే మా వీధిలో సగం మంది మిద్దెలెక్కుతారు. తూర్పున ఆకాశం అంచు ఎర్రబడి, అందులోంచి ఒక చుక్క పైకి పాకుతూ కనబడుతుంది. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు దాన్ని "మా జిల్లా రాకెట్టు" అని కూడా అనుకోవచ్చు. అలాంటి ఊళ్లో కూర్చుని నేను నెలల తరబడి ఎదురుచూస్తున్నది మాత్రం అమెరికా వాళ్ల పాత రాకెట్ విమానం బొమ్మ కోసం.

అది ఎక్స్-15. దాని కొత్త కిట్ రాబోతోందని బయటి దేశపు తయారీదారు ఒకరు ఊరిస్తున్నారు. అలమరలో పెట్టుకునే ప్లాస్టిక్ బొమ్మ కాదు, ఎగరేసేది. అట్ట గొట్టం, బాల్సా అనే తేలికపాటి చెక్కతో రెక్కలు, ముక్కు, వెనక మోటారు పట్టే చిన్న గొట్టం, లోపల మడత పెట్టిన పారాచూట్ ఉంటాయి. మనమే అతికించి, రుద్ది, రంగేసుకోవాలి. ముందస్తుగా డబ్బు కట్టేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు, పదో తరగతి చదివే మా మేనల్లుడు పక్కనుంచి తొంగిచూసి ఒక్క మాట అన్నాడు. "మోటారు యాడ తెస్తావు మామా?"

ఆ ప్రశ్నతోనే ఈ లెక్క మొదలైంది. నా ముందున్న దారులు మూడు. ఈ కిట్ కోసం ఆగడం, ప్లాస్టిక్ ఎక్స్-15 కొనుక్కోవడం, రెండూ మానేసి మన ఇస్రో రెక్కల వాహనం పుష్పక్‌ను చేత్తో చేసుకోవడం.

ముందు నా మోజు సంగతి చెప్పాలి. ఎక్స్-15లు మూడే తయారయ్యాయి. 1959 జూన్ నుంచి 1968 అక్టోబరు దాకా 12 మంది పైలట్లు వాటిని 199 సార్లు ఎగరేశారు. బీ-52 అనే పెద్ద బాంబర్ విమానం రెక్క కింద వేలాడుతూ దాదాపు 13.7 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, అక్కడ విడిపడి, సొంత ఇంజిన్ వెలిగించుకునేది. అమ్మోనియా, ద్రవ ఆక్సిజన్ తాగే ఆ ఇంజిన్‌ను నిండుగా తెరిస్తే నిమిషంన్నరలోపే ట్యాంకులు ఖాళీ. ఆ తర్వాత నేల తాకేదాకా అదొక గ్లైడరే. 1963 ఆగస్టు 22న జో వాకర్ దాన్ని 107.9 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. 1967 అక్టోబరు 3న పీట్ నైట్ గంటకు 7,274 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. చంద్రుడి మీద నడవడానికి ఏళ్ల ముందే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని ఏడుసార్లు నడిపాడు. 1967 నవంబరు 15న మైఖేల్ ఆడమ్స్ దీనిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంత చరిత్ర ఉన్న యంత్రం చేతిలో పట్టేంత రూపంలో వస్తుందంటే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది?

మోజు పక్కన పెట్టి చూసినా, ఎగిరే బొమ్మగా చేయడానికి రాకెట్ విమానాలన్నిటిలో ఎక్స్-15 ఒడ్డూపొడవూ బాగా కుదురుతాయి. రాకెట్టు తిన్నగా పోవాలంటే, వేలి మీద నిలబెట్టినప్పుడు బరువు సరిగ్గా నిలిచే చోటు ముందుండాలి, గాలి నెట్టే చోటు వెనకుండాలి. రెండింటి మధ్య కనీసం గొట్టం లావంత ఎడం ఉండాలి. విమానంతో చిక్కేమిటంటే దాని రెక్కలు నడుమనో, ముందుకో ఉంటాయి, కాబట్టి గాలి నెట్టే చోటు ముందుకు జరుగుతుంది. ఎక్స్-15 రెక్కలు పొట్టివి, వెనక్కి ఉంటాయి. తోక దగ్గర రెండు పక్కలా రెండు, పైన ఒకటి, కింద ఒకటి. వెనక నుంచి చూస్తే మామూలు రాకెట్టుకు ఉండే నాలుగు రెక్కలే! ముక్కులో కాస్త బరువు పెడితే చాలు, తిన్నగా పోతుంది.

ఇదే పని బెల్ ఎక్స్-1తో చేసి చూడండి. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ ధ్వనివేగాన్ని దాటిన ఆ నారింజరంగు విమానం నాకు ఇంకా ఇష్టం. తుపాకీ గుండు ఆకారం, చూడగానే గుర్తుపట్టే రంగు. కానీ దాని రెక్కలు తిన్నగా నడుమ నుంచి రెండు పక్కలకూ సాగుతాయి, తోక మొత్తం పైనే, కింద ఏమీ లేదు. అలాంటిది రాకెట్టులా పైకి పంపితే సగం దారిలో వీపు మీదికి తిరగబడుతుంది. చేసేవాళ్లు కంటికి కనబడని పారదర్శక ప్లాస్టిక్ రెక్కలు అదనంగా అతికించి దాన్ని దారిలో పెట్టుకుంటారు. అలా అతికించాక అది ఎక్స్-1 కాదని నాలో ఉన్న ఛాదస్తుడు గొణుగుతాడు.

ఎక్స్-15లోనూ ఒక మెలిక ఉంది. అసలు విమానంలో కింది రెక్క, దిగేటప్పుడు వెనక చక్రాల బదులు వాడే స్కిడ్ల (జారుడు పట్టీల) కంటే కిందికి వచ్చేది. అందుకే దిగేముందు దాని అడుగు భాగాన్ని పైలట్ ఊడగొట్టి కింద పడేసేవాడు. బొమ్మ పారాచూట్ మీద దిగినా నేలకు ముందు తగిలేది ఆ తోకే. కిట్ వాళ్లు దాన్ని ఊడి మళ్లీ తగిలేట్టు చేస్తే చరిత్రా నిలుస్తుంది, బాల్సా చెక్కా మిగులుతుంది. ఆ పెట్టె విప్పాక నేను మొదట వెతికేది అదే.

ఇక మేనల్లుడి ప్రశ్న. ఈ కిట్లలో వాడే చిన్న మోటార్లలో ఉండేది తుపాకిమందు (బ్లాక్ పౌడర్). మందు మండి తోస్తుంది, తర్వాత కొన్ని సెకన్లు పొగ మాత్రమే వస్తుంది, చివర చిన్న పేలుడు పారాచూట్‌ను బయటికి నెడుతుంది. వాటికి ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు. ఒక్కో అక్షరం దాటేకొద్దీ, మోటారు మండినంతసేపూ ఇచ్చే మొత్తం తోపు గరిష్ఠ పరిమితి రెట్టింపు. ఆ తోపును న్యూటన్ సెకన్లలో కొలుస్తారు, సీ మోటారుకు 10 దాకా, డీకి 20 దాకా. అమెరికాలో హాబీ దుకాణంలో రంగు డబ్బాల పక్కనే దొరుకుతాయి. మనకు అవి పేలుడు పదార్థాల కిందికి వస్తాయి. పోస్టులో రావు, కొరియర్‌లో రావు, విమానం ఎక్కించరు, లైసెన్సు లేకుండా దిగుమతి చేసుకుంటే కేసు. అంటే పెట్టె ఇంటికి వస్తుంది, ప్రాణం రాదు.

తారాజువ్వ మందు తీసి కూరితే సరిపోదా అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. దయచేసి ఆ జోలికి పోకండి. అట్ట గొట్టంలో కొలత తెలియకుండా దట్టించిన మందు రాకెట్టు కాదు, బాంబు. వేళ్లు పోతే మళ్లీ రావు.

మోటారు లేకుండా ఆ కిట్ కొని అలమరలో పెడితే తప్పేమిటంటే, ఆ లెక్కలో అది ప్లాస్టిక్ బొమ్మకు సాటిరాదు. ఎగిరే కిట్‌లో గొట్టం లావు బజారులో దొరికే కొలతల్ని బట్టి ఉంటుంది, రెక్కల మందం చెక్కను బట్టి ఉంటుంది. ఎగరడం కోసం నునుపు, వివరాలు కొంత వదులుకుంటారు. ఎగరనప్పుడు ఆ వదులుకున్నవన్నీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. పైగా కిట్ ధర మీద సముద్రం దాటిన ఖర్చు, కస్టమ్స్ పడతాయి. పొడవాటి పెట్టె మధ్యలో ఎక్కడో నలిగి వస్తే అడిగే దిక్కుండదు. నాకు ఒకసారి ఇలాగే ఒక గొట్టం విల్లులా వంగి వచ్చింది. వేడినీళ్ల ఆవిరి పట్టించి సరిచేద్దామని పోయి ఉన్నదీ పాడుచేసుకున్నాను.

ప్లాస్టిక్‌లో అయితే ఎక్స్-15కు కొదవలేదు. అసలు విమానం పొడవు దాదాపు 15.5 మీటర్లు. మోనోగ్రామ్ వాళ్ల 1/72 కొలతలో అది జానెడు బొమ్మ, దాదాపు 21 సెంటీమీటర్లు. చెక్ కంపెనీ స్పెషల్ హాబీ 1/32లో తెచ్చింది, దాదాపు 48 సెంటీమీటర్లు. అది మా ఇంట్లో దేవుడి గూటి కంటే వెడల్పు. కొనేముందు ఏ రూపమో చూసుకోండి. 1962లో నేల మీద బోర్లాపడి దెబ్బతిన్న రెండో విమానాన్ని 70 సెంటీమీటర్లకు పైగా పొడిగించి, బయటి ట్యాంకులు తగిలించేలా మార్చి ఎక్స్-15ఏ-2 అన్నారు. పీట్ నైట్ వేగం రికార్డు దానిదే. ఆ రోజు వేడి తట్టుకోవడానికి ఒళ్లంతా తెల్లటి పూత పూశారు, అయినా తోక కింది భాగం కాలి చిల్లులు పడింది. మిగతా రోజుల్లో ఎక్స్-15 అంటే నలుపే. నల్ల బొమ్మ మీద తిరుపతి దుమ్ము రెండు రోజుల్లో కనబడుతుంది. గాజు పెట్టె కొనే ఓపిక లేనివాళ్లకు తెల్లదే నయం. చెన్నై మూడు గంటల దారి, అక్కడి హాబీ షాపుల్లో జిగురు, రంగులు దొరుకుతాయి, కిట్ దొరికితే అదృష్టం. అలమరకే అయితే నేను కళ్లు మూసుకుని ప్లాస్టిక్ అంటాను. కొత్త కిట్ కోసం ఒక్కరోజు కూడా ఆగక్కర్లేదు.

మా వాడికి మాత్రం అలమర బొమ్మ పట్టదు. ఎగరాలి, అంతే. వాడి కోసమే పుష్పక్.

2016 మే 23న మన షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) నుంచే ఇస్రో ఒక చిన్న రెక్కల వాహనాన్ని ఘన ఇంధన బూస్టర్ రాకెట్టు మీద నిలబెట్టి పంపింది. పేరు ఆర్ఎల్‌వీ-టీడీ, పొడవు 6.5 మీటర్లు. 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ధ్వనికి అయిదు రెట్ల వేగంతో దిగివచ్చి బంగాళాఖాతంలో ముగిసింది. తర్వాత 2023, 2024లో చిత్రదుర్గం దగ్గర దాని తమ్ముడిలాంటి వాహనాన్ని చినూక్ హెలికాప్టర్‌తో నాలుగున్నర కిలోమీటర్లు పైకి తీసుకెళ్లి వదిలితే, తనంతట తాను రన్‌వే మీద దిగింది. దాన్నే పుష్పక్ అన్నారు. బీ-52 నుంచి ఎక్స్-15ను వదిలిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే, కాకపోతే లోపల పైలట్ లేడు.

బొమ్మగా దీని గుణం వేరు. కిట్ లేదు, కాబట్టి ఆగేదీ లేదు. థర్మోకోల్ షీటు, కత్తి, జిగురు, ఇస్రో ఫొటోలు. బూస్టర్ స్థానంలో కూల్‌డ్రింక్ సీసా. మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపుతో గాలి. నిప్పు లేదు, లైసెన్సు లేదు. ముక్కును మాధవమాల చెక్క బొమ్మల వాళ్ల చేత చెక్కించాలని నాకో కోరిక ఉంది, మావాడు మాత్రం చెక్క ముక్కు ఎవరి నెత్తిన పడుతుందోనని థర్మోకోలే చాలన్నాడు. వాడిదే సరైన మాట.

దీని లోపాలు దాచను. ముందు రెక్కలున్న విమానాన్ని సీసా నెత్తిన పెడితే గాలి నెట్టే చోటు బాగా ముందుకొస్తుంది. ఇస్రో బూస్టర్ అడుగున రెక్కలున్నట్టే మన సీసా అడుగునా పెద్ద రెక్కలు కావాలి. ఎక్స్-15తో లేని తలనొప్పి ఇది. ఎత్తూ అంతంతమాత్రం, కొబ్బరిచెట్టు దాటితే పండగే. ఎగరేయడానికి తిరుచానూరు దాటాక స్వర్ణముఖి ఇసుక ఉంది. ఎక్స్-15లు దిగింది ఎండిపోయిన సరస్సు మీదే కాబట్టి మాకు ఎండిన ఏరు దొరకడంలో ఏదో పొందిక ఉంది. రేణిగుంట విమానాశ్రయం వైపు మాత్రం పోము. కొండ మీద డ్రోన్‌కే అనుమతి లేదు, ఆ ఊసే వద్దు.

కాబట్టి ముందస్తు డబ్బు కట్టలేదు. కిట్ బయటికొచ్చి, ఆ కింది రెక్క ఎలా చేశారో ఎవరైనా పెట్టె విప్పి చూపించాక అప్పుడు ఆలోచిస్తాను. మోటారు రాదని తెలిసీ కొంటానేమో, అది వేరే సంగతి.

నిన్న సాయంత్రం మిద్దె మీద పుష్పక్‌కు తూకం చూశాం. బరువు నిలిచే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పితే, సరిగా ఉన్న రాకెట్టు ముక్కు ముందుకు పెట్టుకుని తిరుగుతుంది. మాది తోక ముందుకు పెట్టి తిరిగింది. మావాడు ముక్కులో రూపాయి బిళ్ల ఒకటి దూర్చి, దారం ముడి జరిపి, మళ్లీ తిప్పాడు. అడ్డంగా ఊగింది. రెండోది పెట్టినా అంతే. మూడో బిళ్లకు ముక్కు ముందుకు తిరిగింది.