కేప్ టౌన్‌లో ఆరు వారాలు, పెంగ్విన్ల ఆసుపత్రిలో

మొదటి రోజు పొద్దున నాకు అప్పగించిన పని చాపలు కడగడం. రబ్బరు చాపలు. రాత్రంతా పెంగ్విన్లు వాటి మీదే నిలబడి రెట్ట వేస్తాయి. అది ఆరితే గచ్చులా పట్టేస్తుంది. బ్రష్షుతో రుద్ది, మందు కలిపిన నీళ్ళలో ముంచి, మళ్ళీ కడిగి ఎండలో ఆరవేయాలి. మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. ఆ రోజంతా ఒక్క పక్షిని కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ చోటు మీద నాకు నమ్మకం కుదిరింది సరిగ్గా అందుకే.

నిజానికి దక్షిణాఫ్రికా వెళ్ళాలనుకున్నప్పుడు నేను మొదట చూసింది సింహం కూనలకు పాలుపట్టే కార్యక్రమం. తల్లిలేని కూనలు మీ చేతుల్లో పెరుగుతాయని ఒక ఏజెన్సీ ఫొటోలతో ఊరించింది. డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు రాసి పంపాను. ఇన్ని కూనలకు ఒకేసారి తల్లులు ఎలా లేకుండా పోయాయి? పెరిగి పెద్దయ్యాక ఇవి ఎక్కడికి వెళ్తాయి? మొదటిదానికి డొంకతిరుగుడు జవాబు వచ్చింది, రెండోదానికి అసలు రాలేదు. తర్వాత చదివితే విషయం బోధపడింది. ఆ దేశంలో కంచెల మధ్య పెంచే సింహాలు వేలల్లో ఉన్నాయి. పుట్టిన కొద్ది రోజులకే కూనల్ని తల్లి నుంచి విడదీసి సందర్శకుల చేతికిస్తారు. పెద్దయ్యాక చాలావాటి గతి డబ్బు కట్టినవాళ్ళు కంచెలోపలే కాల్చి చంపే వేట, ఎముకల వ్యాపారం. ఈ పెంపకానికి స్వస్తి చెప్పాలని 2021లో అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది, 2024 మార్చిలో మంత్రివర్గం ఆ విధానాన్ని ఆమోదించింది. కూనను ఎత్తుకోనిచ్చే చోటికి దయచేసి వెళ్ళకండి. మనం కట్టే డబ్బుతోనే మరో కూన తల్లికి దూరమవుతుంది.

నేను చివరికి చేరింది సాంకాబ్ అనే సముద్రపక్షుల సంస్థలో. 1968 నుంచి పనిచేస్తోంది. నగరానికి ఉత్తరాన టేబుల్ వ్యూలో వాళ్ళ ఆసుపత్రి ఉంది. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ మునిగి, రాబెన్, డాసెన్ దీవుల చుట్టూ చమురు పరుచుకున్నప్పుడు సుమారు 19,000 పెంగ్విన్లను ఒక్కొక్కటిగా కడిగి బతికించే పనిని నడిపించిన సంస్థ ఇది. చమురు ఇంకా అంటని మరో 19,500 పక్షుల్ని లారీల్లో పోర్ట్ ఎలిజబెత్ దాకా తీసుకెళ్ళి సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా ఇక్కడ నీళ్ళు శుభ్రం చేసుకోవచ్చని ఆ ఏర్పాటు. ఆలోచన ఫలించింది. ఆ రోజుల్లో కడిగిన చేతుల్లో ఎక్కువ భాగం జీతం లేని వాలంటీర్లవే.

ఇప్పుడు ఆసుపత్రికి వచ్చే పక్షుల్లో నేను చూసినవాటికి చమురు కంటే ఆకలి పెద్ద జబ్బు. ఆఫ్రికన్ పెంగ్విన్ తినేది ముఖ్యంగా సార్డైన్లు, నెత్తళ్ళు. వాటినే పెద్ద వలలతో ఓడలూ పట్టుకుపోతున్నాయి, పైగా నీటి ఉష్ణోగ్రతలు మారి చేపల గుంపులు తూర్పుకు జరిగాయి. వందేళ్ళ కింద పది లక్షలకు పైగా ఉన్న పక్షులు ఇప్పుడు పదివేల జంటలైనా లేవు. 2024లో వీటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. మరో దెబ్బ చాలా పాతది. దీవుల మీద శతాబ్దాలుగా పేరుకున్న రెట్టలో బొరియలు తవ్వుకుని ఇవి గుడ్లు పెట్టేవి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ రెట్టనంతా ఎరువు కోసం గీకి ఓడలకెత్తారు. ఇప్పటికీ చాలా పక్షులు నీడలేని నేల మీదే గుడ్లు పొదుగుతాయి. అందుకే కొన్నిచోట్ల మనుషులే కృత్రిమ గూళ్ళు అమరుస్తున్నారు.

నేను వెళ్ళింది నవంబర్‌లో. ఈ నెల ఎంచుకోవడానికి కారణం ఉంది. పెంగ్విన్ ఏడాదికోసారి పాత ఈకలన్నీ ఒక్కసారే రాల్చేస్తుంది. సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ ఒంటికి నీళ్ళు ఇంకుతాయి కాబట్టి సముద్రంలోకి దిగలేదు, ఉపవాసమే. పిల్లలు ఇంకా ఎదగకముందే తల్లిదండ్రులకు ఈకలు రాలే సమయం వచ్చేస్తే గూట్లో పిల్లలకు తిండి పెట్టే దిక్కుండదు. అలా మిగిలిపోయిన పిల్లల్ని తెచ్చి, పెంచి, బలం వచ్చాక తిరిగి సముద్రానికి వదులుతారు. నవంబర్ నుంచి జనవరి దాకా అట్టపెట్టెల్లో అవి వస్తూనే ఉంటాయి. బూడిదరంగు నూగుతో, ఎముకలు చేతికి తగిలేంత చిక్కి.

రెండో వారంలో నాకు తిండి పెట్టడం నేర్పారు. ఒంటికి రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు. చిన్న బల్ల మీద కూర్చుని పక్షిని మోకాళ్ళ మధ్య బిగించి, ఎడమచేత్తో తలను దవడల వెనక పట్టుకోవాలి. ముక్కు తెరిచి చేపను తలవైపు నుంచి అందించాలి. తోకవైపు నుంచి పెడితే చేప రెక్కల ముళ్ళు గొంతు గీరతాయి. ముక్కు కొస కొక్కెంలా ఉంటుంది, తొడుగు లేనిచోట పొడిస్తే చర్మం చీలుతుంది. నా కుడి మణికట్టు మీద ఆ గుర్తు ఇంకా ఉంది. వాటితో మాట్లాడకూడదు, నిమరకూడదు. మనిషిని చూసి పారిపోయే గుణం పోతే బయట బతకలేవు. పాలుపట్టే కూనల ఫొటోలు చూసిన కళ్ళకు ఈ నియమం విలువ బాగా తెలుస్తుంది.

అన్నీ బతకవు. మూడో వారంలో నేను రోజుకు నాలుగుసార్లు గొట్టంతో ద్రవాహారం పట్టిన ఒక పిల్ల తెల్లారేసరికి చనిపోయి ఉంది. డాక్టరు దాని బరువుల కాగితం మూసేసి పక్కదాని కాగితం నా చేతికిచ్చింది. అప్పుడు ఏడుపు వచ్చింది. పని మాత్రం ఆగలేదు.

బస గురించి చెప్పాలి. మొదట ఆన్‌లైన్లో ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాను. ఆసుపత్రికి ఐదు నిమిషాల నడక అని రాశారు, తీరా చూస్తే నలభై నిమిషాలు. వేసవిలో అక్కడ ఆగ్నేయపు గాలి ఎలా వీస్తుందంటే నడుస్తుంటే ఇసుక చెంపల మీద సూదుల్లా గుచ్చుకుంటుంది. పైగా చేపవాసన బట్టలు వాళ్ళ మెషిన్లో వేయనివ్వలేదు. ముందే ఆ మాట చెప్పి ఉంటే నేను వేరేచోట చూసుకునేదాన్ని. పదోరోజు తోటి వాలంటీర్లు నలుగురు అద్దెకు తీసుకున్న ఇంటికి మారాను. గది చిన్నదే, కానీ పెరట్లో బట్టలుతికే చోటుంది, సాయంత్రం అలసిపోయిన ఐదుగురం కలిసి వండుకునేవాళ్ళం. ఈ పనికి వెళ్ళేవాళ్ళు గది అందం చూడకండి. బట్టలు ఎక్కడ ఉతకాలి, ఎంత దూరం నడవాలి అన్నవి మాత్రం రాతపూర్వకంగా అడగండి. నగరంలోకి వెళ్ళడానికి మైసిటీ బస్సులు బాగున్నాయి. వాటికి ప్రత్యేకమైన దారి ఉంది కాబట్టి ట్రాఫిక్ బెడద తక్కువ. నేను వెళ్ళినప్పుడు కార్డు ముందే కొనుక్కోవాల్సి వచ్చింది. చీకటి పడ్డాక నేను బస్సు కంటే క్యాబ్‌నే నమ్ముకున్నాను.

సెలవు రోజుల్లో పెంగ్విన్ల స్థావరాలు మూడు చూశాను. అందరూ వెళ్ళే బౌల్డర్స్ బీచ్ సైమన్స్ టౌన్‌లో ఉంది. 1982లో రెండే జంటలతో మొదలైన స్థావరం అది. చెక్కబాట మీద నుంచి చాలా దగ్గరగా కనిపిస్తాయి, పార్కింగులో కారు తీసేముందు కింద పెంగ్విన్ ఉందేమో చూసుకోమని బోర్డులుంటాయి. పొద్దున్నే వెళ్తే బాగుంటుంది, పది దాటితే ఫోన్లు చాచే జనమే కనిపిస్తారు. నా మనసు నిలిచింది బెట్టీస్ బే దగ్గరి స్టోనీ పాయింట్‌లో. ఒకప్పుడు తిమింగలాలను కోసిన స్థలం, ఇప్పుడు పెంగ్విన్ల ఊరు. సొంత వాహనం లేకపోతే చేరడం కష్టం, కానీ సముద్రం అంచున కొండ చుట్టూ తిరిగే ఆ దారికే ఒక పూట ఇవ్వవచ్చు. మనుషులు తక్కువ, గాడిద ఓండ్రపెట్టినట్టుండే వాటి అరుపు నింపాదిగా వినవచ్చు. రాబెన్ దీవికి మాత్రం పెంగ్విన్ల కోసం వెళ్ళకండి, టూరులో అవి కనిపించేది తక్కువ. మండేలా 18 ఏళ్ళు గడిపిన జైలును, అక్కడే ఖైదీగా ఉన్నవాళ్ళు నడిపించి చూపిస్తారు. దానికోసం వెళ్ళండి.

నేనున్న ఆఖరివారంలో పన్నెండు పిల్లల్ని వదిలాం. పెట్టె మూత తీసి పక్కకు తప్పుకోవడమే మా పని. వెనక్కి ఒక్కటీ చూడలేదు, అలలోకి దూకి రెండు నిమిషాల్లో మాయమయ్యాయి. వాటికి బయట చేప దొరుకుతుందా అన్నది మా చేతుల్లో లేదు. 2025 మార్చిలో కోర్టు ఉత్తర్వుతో ఆరు స్థావరాల చుట్టూ సార్డైన్, నెత్తళ్ళ వేటకు హద్దులు పెట్టారు, పదేళ్ళపాటు. మేం తినిపించిన ప్రతి చేపకూ అర్థం ఉండాలంటే ఆ హద్దులు నిలవాలి.

రెండు వారాలే సెలవున్నవాళ్ళు అడిగితే నేను వాలంటీరుగా వద్దనే చెబుతాను. పని చేతికి పట్టుబడేసరికే వెనక్కి రావాల్సి వస్తుంది, నేర్పినవాళ్ళ శ్రమ వృథా. అలాంటివాళ్ళు స్టోనీ పాయింట్‌లో టికెట్టు కొని చూసిరావడం మేలు. నెలన్నర పైన ఇవ్వగలిగితే, వంగి లేవగల నడుం ఉంటే, నవంబర్ కోసం ఇప్పుడే దరఖాస్తు రాయండి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకెళ్ళండి, లోపల రెండు జతల మేజోళ్ళు పడతాయి.