కొత్త ఫ్లాటు తాళాలు తీసుకునే ముందు 9,806 రూపాయలు పెట్టి తనిఖీ చేయించాను

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్‌లో మేం కొన్న ఫ్లాటు నాలుగో అంతస్తు, తూర్పు వాకిలి, 1,385 చదరపు అడుగులు. "ఫ్లాట్ రెడీ మేడం, మిగిలిన డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించేసుకోండి" అని బిల్డర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన రోజే నేను తనిఖీ చేసేవాళ్లకి ఫోన్ చేశాను. మా ఆయనకి ఇది నచ్చలేదు. డెబ్బై లక్షలు పోసి కొన్నదాంట్లో తప్పులు వెతకడానికి మళ్లీ పది వేలా అని ఆయన గోల. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పేపరు దిద్దకుండా మార్కులు వేయడం నాకు చేతకాదు.

కొత్త ఇళ్లు తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చేవాళ్లు ఇప్పుడు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. నేను పిలిచినవాళ్లు అడుక్కి 6 రూపాయలు తీసుకున్నారు. అంటే 8,310, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 9,806. వాళ్ల పేరు రాయను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి.

పదింటికి వస్తామన్నవాళ్లు పన్నెండుంపావుకి వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక్కో బ్యాగు. ఆ ఆలస్యానికి నాకు ఒళ్లు మండింది గానీ పని మొదలుపెట్టాక నోరెత్తలేదు. ఒకతను చివర గుండు ఉన్న సన్నని కర్రతో ప్రతి టైలూ తడుతూ వెళ్లాడు. కింద సిమెంటు సరిగా పరుచుకున్న చోట గట్టిగా పలుకుతుంది, లేని చోట డొల్ల శబ్దం. ఐదు నిమిషాల్లో నాకూ తేడా తెలిసిపోయింది. డొల్లగా ఉన్నవాటికి నీలం టేపు అంటించుకుంటూ పోతే హాల్లోనే 22, ఇల్లంతా కలిపి 31. అవి ఇవాళే పగలవు. బీరువా కాలో, గ్యాస్ సిలిండరో బలంగా పడిన రోజు పగులుతాయి. అప్పుడు "మీ వాడకంలో పోయింది మేడం" అంటారు.

రెండో అతను కరెంటు పని చూశాడు. ప్రతి ప్లగ్గులోనూ టెస్టరు పెట్టి చూస్తే వంటింట్లో ఫ్రిజ్ పెట్టే చోట ఎర్తింగే లేదు. పడగ్గదిలో రెండు ప్లగ్గులకి ఫేజు, న్యూట్రల్ తారుమారు. ఇవి నేనైతే పదేళ్లు ఉన్నా కనిపెట్టలేను. పెద్ద పడగ్గది గోడ చూడటానికి చక్కగా, కొత్త రంగుతో మెరుస్తోంది. వేడి తేడా చూపించే కెమెరా పెడితే కింది భాగంలో జానెడు మందాన నీలంగా ఒక పట్టీ కనిపించింది. తేమ కొలిచే మీటరు కూడా అక్కడే ఎగిరింది. ఆ గోడ వెనకాల బాత్రూమ్. తిన్నగా నీళ్ల పైపు జాయింటు దగ్గరికి వెళ్లి తడిమి చూపించాడు. ఇచ్చిన డబ్బులో సగం అక్కడికక్కడే వసూలైందనిపించింది.

ఇంకో చిన్న సంగతి కూడా వాళ్లే చూపించారు. జారే కిటికీల అడుగు పట్టాలో నీళ్లు బయటికి పోవడానికి సన్నని కంతలుంటాయి. మా ఇంట్లో మూడు కిటికీలకి అవి లప్పంతో పూడిపోయాయి. వాన పడితే పట్టా నిండి నీళ్లు గదిలోకే.

నా పరువు పోయింది మాత్రం కార్పెట్ ఏరియా, అంటే గుమ్మం లోపల మనం వాడుకునే కొలత దగ్గర. అగ్రిమెంటులో 962 అడుగులని ఉంది. నేను ముందే టేపు పట్టుకుని గది గదీ కొలిచి, గుణించి, కూడి 925 వచ్చిందని బిల్డర్ మీద యుద్ధానికి సిద్ధమై ఉన్నాను. ఆ కుర్రాడు నా కాగితం చూసి, "లోపలి గోడల మందం కలిపారా మేడం?" అన్నాడు. కలపలేదు. రెరా (ఇళ్లు కొనేవాళ్ల కోసం ఉన్న చట్టం) లెక్కలో బయటి గోడలు, బాల్కనీ, పైపులు పోయే డక్టులు రావు గానీ గదుల మధ్య గోడలు వస్తాయి. కలిపితే 958. మిగిలిన నాలుగడుగుల కోసం పోట్లాడలేదు. అసలు మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాల్లో వాటా కూడా కలిపి 1,385 అని చెప్పి డబ్బు తీసుకుని ఇంట్లో నడవడానికి ఇచ్చేది 958 అన్నది వేరే బాధ. బుక్ చేసే రోజే అడుక్కి ఎంత అని కాకుండా కార్పెట్ అడుక్కి ఎంత పడుతోందో లెక్కేసుకోండి. మాకు 5,200 అని చెప్పింది 7,500 దాటింది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. 64 పేజీలు, మొత్తం ఇంగ్లీషు, 87 లోపాలు. చూడగానే గుండె గుభేల్‌మంది. నిదానంగా చదివితే అందులో యాభైకి పైగా రంగు చారలు, తలుపు మీద గీతలు, స్విచ్‌బోర్డు కొంచెం వంకర, ఇలాంటివే. ఎర్తింగ్ లేకపోవడమూ రంగు చారా ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరసలో. ఇది పెద్ద తప్పు. ఎందుకంటే ఆ జాబితా యథాతథంగా ఇస్తే బిల్డర్ మనుషులు రెండు రోజుల్లో రంగులు వేసి, గీతలు చెరిపేసి, "ఎనభై ఏడులో అరవై అయిపోయాయి, సంతకం పెట్టండి" అంటారు. నేను కూర్చుని మళ్లీ రాశాను. మొదట నీళ్లు, తర్వాత కరెంటు, తర్వాత టైల్స్, తలుపులు, చివర రంగులు. మొదటి మూడూ పూర్తయ్యేదాకా రంగుల డబ్బా తెరవొద్దని సైట్ ఇంజినీరుకి చెప్పాను. చిన్నవాడే, నా పాత విద్యార్థుల వయసు. "సరే మేడం" అన్నాడు గానీ మొహం మాడ్చుకున్నాడు.

వీళ్లు చేయనిది ఒకటుంది, దానికే నాకు ఎక్కువ కోపం. బాత్రూముల్లో నీళ్లు నిలబెట్టి చూడలేదు. అడిగితే, దానికి ఒక రోజు పడుతుంది, మా ప్యాకేజీలో లేదన్నారు. అపార్ట్‌మెంటులో పక్కింటివాళ్లతో తగాదాలు వచ్చేది దాదాపు ఎప్పుడూ బాత్రూమ్ నీళ్ల దగ్గరే కదా! నేనే చేశాను. శనివారం పొద్దున పాలిథిన్ కవర్లో ఇసుక నింపి, మూతి కట్టి, నీళ్లు పోయే కంతకి గట్టిగా అదిమి, రెండు బాత్రూముల్లోనూ రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నింపాను. గోడ మీద పెన్సిల్‌తో గీత. ఆదివారం పొద్దున వాచ్‌మన్‌ని బతిమాలి కింది ఫ్లాటు తీయించాను, అది ఇంకా ఎవరికీ అప్పగించలేదు. మొదటి బాత్రూమ్ కింద పొడిగా ఉంది. రెండో దాని కింద, పైపు స్లాబులోంచి దిగే చోట, చుట్టూ పళ్లెమంత తడి మరక. ఫోటో తీసి ఇంజినీరుకి పంపాను. టైల్స్ తీసి, పైపు చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేసి, నేను మళ్లీ నీళ్లు నిలబెట్టి చూసేసరికి పదకొండు రోజులు పట్టింది. మనం కాపురానికి దిగాక ఇదే బయటపడి ఉంటే? కిందావిడ రోజూ మెట్లెక్కి వచ్చేది.

అదే రోజు ఒక గోలీ కూడా వాడాను. ఆరో తరగతి పిల్లాడి దగ్గర క్లాసులో లాక్కున్నది, నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. బాల్కనీలో వదిలితే బయటివైపు, నీళ్లు పోయే కంత వైపు దొర్లాలి. మా గోలీ బుద్ధిగా హాల్లోకి వచ్చింది. రసమట్టం పెట్టి మేస్త్రీ కూడా చూశాడు, వాటం లోపలికే ఉంది. బాల్కనీ టైల్స్ మొత్తం పీకి మళ్లీ వేశారు. తనిఖీవాళ్ల రిపోర్టులో బాల్కనీ గురించి రెయిలింగ్ రంగు తప్ప ఇంకేం లేదు.

ఇవన్నీ చేయించగలిగానంటే ఒకటే కారణం, ఆఖరి విడత డబ్బు ఇంకా నా చేతిలో ఉంది. లోన్ ఇచ్చిన బ్యాంకు బ్రాంచికి వెళ్లి, నా సంతకంతో లెటర్ ఇచ్చేదాకా చివరి విడత విడుదల చేయొద్దని రాసిచ్చాను. "ముందు తాళాలు తీసుకోండి, చిన్న చిన్నవి తర్వాత చూసుకుందాం" అని బిల్డర్ ఆఫీసులో నాలుగుసార్లు అన్నారు. మా స్కూల్లో సైన్స్ టీచర్ అలాగే ముందు తీసుకుంది. ఎనిమిది నెలలైంది, వంటింటి సింకు కింద ఇంకా బకెట్టే ఉంది. చట్టం మన పక్షానే ఉంది, కాదనను. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, మనం చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో బాగుచేయాలని రెరా చట్టం 14వ సెక్షన్లో ఉంది. ఆ సెక్షన్ పట్టుకుని తిరగడం కంటే తాళం తీసుకోకుండా పదిహేను రోజులు ఆగడం తేలిక.

తనిఖీవాళ్లు కాగితాలు చూడరు, అది వాళ్ల పని కాదు కూడా. మా వైపు కొనేవాళ్లయితే మొదట చెరువు చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ ప్రాంతంలో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే సంస్థ) కూల్చివేతలు మేం కళ్లారా చూశాం. సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) గానీ బఫర్‌లో (దాని చుట్టూ ఏమీ కట్టకూడని పట్టీ) గానీ పడుతుందేమో తేల్చుకున్నాకే మేం అడ్వాన్స్ ఇచ్చాం. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదని రెరాలో ఉందన్న సంగతి కూడా మాకు పనికొచ్చింది, 20 అడిగారు మరి. ఇంకోటి, కట్టడానికి పర్మిషన్ ఇచ్చే సంస్థ, మాకైతే హెచ్‌ఎండీఏ, కట్టడంలో పదో వంతు తన పేరిట తనఖా పెట్టించుకుంటుంది, ఓసీ (కాపురానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడుదల చేస్తుంది. చవగ్గా ఇస్తామన్న ఫ్లాటు ఆ పదో వంతులోది కావచ్చు, ఈసీ (ఆస్తి మీద తనఖాలేమైనా ఉన్నాయేమో చూపించే సర్టిఫికెట్) తీయించి చూడండి. ఓసీ వచ్చిన తర్వాత కొనేవాళ్లకి 5 శాతం జీఎస్టీ కూడా ఉండదు. మేం కట్టుబడిలో ఉండగా కొన్నాం కాబట్టి కట్టక తప్పలేదు.

ఇక మార్కులు. నూటికి 70. ఆలస్యానికి 5, ఆ గందరగోళం రిపోర్టుకి 10, నీళ్లు నిలబెట్టనందుకు 15 కోత. మళ్లీ కొంటే మళ్లీ పిలుస్తానా అంటే పిలుస్తాను, ఆ ఎర్తింగూ ఆ తడి గోడా నా వల్ల అయ్యేవి కావు. మీరూ పిలిచేటట్టయితే కరెంటు మీటరు పెట్టించి, ట్యాంకులో నీళ్లు ఎక్కించాకే పిలవండి. మా ఎదురు ఫ్లాటాయన తొందరపడి అంతకు ముందే పిలిపించుకున్నాడు. కరెంటు లేక ప్లగ్గులు చూడలేదు, నీళ్లు లేక కుళాయిలు చూడలేదు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. నా దగ్గర గోలీ అరువు తీసుకెళ్లాడు, ఇంకా తిరిగివ్వలేదు.