ఉత్తరం హద్దును దక్షిణంలోకి పంపిన లాప్‌టాప్

నేను దస్తావేజు లేఖరిని. ఇంటి నుంచి రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదుట ఉన్న నా గదికి రోజూ సంచిలో వేసుకుని వెళ్లడానికి వీలుగా ఉంటుందని 11.6 అంగుళాల చిన్న లాప్‌టాప్ కొన్నాను. కంపెనీ పేరు రాయను. తప్పులో దాని వాటా ఎంతో తేలాక పేరు పెట్టి తిట్టడం న్యాయం అనిపించలేదు.

బరువు తక్కువ, తెర మీద అక్షరం స్పష్టం, బ్యాటరీ బాగానే ఆగుతోంది. వాటితో పేచీ లేదు. పేచీ అంతా కర్సర్‌తోనే.

రెండో రోజు ఒక అమ్మకం దస్తావేజుకు హద్దులు కొడుతున్నాను. తూర్పు, దక్షిణం, పడమర అయ్యాయి. 'ఉత్తరం: పంచాయతీ రోడ్డు' అని కొడుతుంటే 'రోడ్డు' వెళ్లి దక్షిణం వరుసలో పంట కాలువ పక్కన కూర్చుంది. చూసుకోకుండా ప్రింటు తీసి ఉంటే ఆ రైతు సవరణ దస్తావేజు కోసం మళ్లీ నా గుమ్మమే ఎక్కాలి. పైగా నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో. ముందు హల్లు, తర్వాత గుణింతం. 'క' కొట్టి గుడి ఇచ్చేలోపు కర్సర్ ఎగిరితే ఆ గుడి వేరే వరుస మొదట్లో చుక్కల వలయాన్ని పట్టుకుని వేలాడుతుంది.

కారణం నా చేతిలోనే ఉంది. ఇంత చిన్న యంత్రంలో చేతులు ఆనించే చోటు దాదాపు లేదు. బొటనవేలి మొదలు టచ్‌ప్యాడ్‌కు తగులుతుంది. అది దాన్ని క్లిక్ అనుకుని, బాణం గుర్తు ఎక్కడ ఆగి ఉంటే కర్సర్‌ను అక్కడికి పంపేస్తుంది. సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ పేజీ తెరిచి సెన్సిటివిటీని 'లో'కి దించాను. ఒక వేలితో తడితే క్లిక్ అయ్యే చోట టిక్కు తీసేశాను. ఇప్పుడు క్లిక్ కావాలంటే ప్యాడ్‌ను నొక్కాల్సిందే. ఎగరడం ఆగింది.

అయితే గదిలో కొత్త రోగం. వేలు కదలకపోయినా బాణం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇంట్లో మాత్రం బుద్ధిగా ఉండేది. కంపెనీ సహాయ కేంద్రానికి రెండుసార్లు ఫోను చేస్తే రెండుసార్లూ విండోస్ మళ్లీ ఎక్కించమన్నారు. ఎక్కించాను, పూట పోయింది, వణుకు పోలేదు. 'చార్జరు పెట్టి ఉందా?' అన్న ఒక్క ప్రశ్న వాళ్లు అడగలేదు. సేవకు నేను మార్కులు కోసేది అక్కడే.

ఒకరోజు లోహపు మూత మీద చేయి వేస్తే చీమలు పాకినట్టు జిల్లుమంది. చార్జరు పీకాను. జిల్లు పోయింది, వణుకూ పోయింది. మళ్లీ పెడితే రెండూ హాజరు. కరెంటు పనిచేసే అబ్బాయిని పిలిస్తే, బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి, ఒకటి ఫేజులో, ఒకటి ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. బల్బు వెలగలేదు. బోర్డు విప్పితే ఆ రంధ్రం వెనక తీగే లేదు. చార్జరు నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీకి ఎర్త్ దారి లేకపోతే అది లాప్‌టాప్ ఒంటిలోనే తచ్చాడుతుందట. వేలు తగిలినప్పుడు కలిగే అతి సూక్ష్మమైన విద్యుత్ మార్పును పసిగట్టి పనిచేసే టచ్‌ప్యాడ్‌కు ఆ గోలలో ఏది వేలో తెలియదు.

గది యజమానికి చెప్పాను. "మీకు ముందు పన్నెండేళ్లు టైలరు ఉన్నాడండీ, ఎర్త్ కావాలని ఏనాడూ అడగలేదు" అన్నారు. చివరికి నా డబ్బుతోనే తీగ లాగించాను. వణుకు లేదు.

టచ్‌ప్యాడ్‌లో కుడి క్లిక్‌కు మిగిలిన మూల వేలిగోరంత. అందుకని పెద్ద దస్తావేజులకు మౌస్ తగిలిస్తున్నాను. మౌస్ ఉన్నప్పుడు ప్యాడ్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు కూడా ఆ సెట్టింగ్స్ పేజీలోనే ఉంది. ఐదుకు మూడున్నర ఇస్తాను. తీగ ఖర్చు అద్దెలో తగ్గించుకుంటానని యజమానితో అన్నాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.