పల్చటి సోల్ బూట్లు: రెండున్నరేళ్లు తొడిగాక

ఈ బూట్ల కథ అయ్యప్ప మాలతో మొదలైంది. 2022 కార్తీకంలో మొదటిసారి మాల వేసుకున్నాను. 41 రోజులు హైదరాబాద్ రోడ్ల మీద, ఆఫీసులో, బస్టాపులో ఉత్త కాళ్లే. మొదటి వారం ప్రతి కంకర రాయికీ దణ్ణం పెట్టాను. నాలుగో వారానికి అరికాళ్లు గట్టిపడ్డాయి, వేళ్లు విచ్చుకున్నాయి. శబరిమల వెళ్లొచ్చి మాల తీసేశాక పాత ఆఫీసు బూట్లు తొడిగితే చిటికెన వేలికి చోటు చాలలేదు. ఆ వేలి మీద పదిహేనేళ్ల నాటి ఆనెకాయ ఒకటి ఉండేది. పుట్టుకతో వచ్చిందేమో అన్నంతగా అలవాటైపోయింది. దీక్షలో అది మెత్తబడింది. బూట్లు మళ్లీ మొదలుపెట్టిన పది రోజులకి తిరిగొచ్చి కూర్చుంది. అప్పుడే బేర్‌ఫుట్ బూట్ల కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఆ పేరుతో అమ్మేవాటికి మూడు లక్షణాలుంటాయి. ముందుభాగం వేళ్లు విచ్చుకునేంత వెడల్పుగా ఉంటుంది. మడమ, వేళ్లు ఒకే ఎత్తులో ఉంటాయి. మామూలు రన్నింగ్ షూలో మడమ చాలావరకు 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. మూడోది, చేత్తో చుట్ట చుట్టగలిగేంత పల్చటి సోల్. నేను కొన్నది చీలమండ దాటే తోలు బూటు. 5 మిల్లీమీటర్ల రబ్బరు సోల్, లోపల 3 మిల్లీమీటర్ల ఇన్సోల్. కస్టమ్స్‌తో కలిపి 13,800 రూపాయలయింది. కంపెనీ పేరు చెప్పను. ఒక జతతో వచ్చిన తగువుని బట్టి పేరు రచ్చకెక్కించడం నాకిష్టం లేదు.

పార్సిల్ విప్పగానే అమ్మ బూటుని చేత్తో మడిచి చూసింది. "పదమూడు వేలు పెట్టి ఉత్త కాళ్లతో తిరిగినట్టుండే బూట్లు కొన్నావా? ఉత్త కాళ్లతోనే తిరగొచ్చు కదరా, ఊరికే వస్తుంది" అంది. ఇప్పటికీ దానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

కొనేవాళ్లు ముందు సైజు సంగతి చూసుకోవాలి. మన షాపుల్లో ఎనిమిదో నంబరు అంటే పొడవు ఒక్కటే. పాదం వెడల్పు ఎవరూ అడగరు. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మడమ గోడకి ఆనించి తెల్లకాగితం మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది. పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయమని ఇంట్లో ఎవరినైనా అడగండి. నాకు పొడవు 26.4 సెంటీమీటర్లు, వెడల్పు 10.6 వచ్చింది. బూటు లోపలి పొడవు దానికన్నా ఒక సెంటీమీటరు ఎక్కువుండాలి. వెడల్పు కనీసం పాదమంత ఉండాలి. కంపెనీ లోపలి కొలతలు ఇవ్వకపోతే వదిలేయండి. ఇంకో మాట, ఇది నాకు ఆరు నెలలకి గానీ తట్టలేదు. బూటు ఎంత వెడల్పుగా ఉన్నా, బిగుతైన మొనదేలిన సాక్సు వేసుకుంటే వేళ్లు మళ్లీ దగ్గరికొచ్చేస్తాయి. వదులు కాటన్ సాక్సుకి మారాకే ఆనెకాయ పూర్తిగా పోయింది. ఇంతవరకు మళ్లీ రాలేదు. నా డబ్బులు గిట్టాయి అనిపించేది ఈ ఒక్క విషయంలోనే.

ఇక నా తెలివితక్కువ పని. 41 రోజులు ఉత్త కాళ్లతో తిరిగినవాణ్ని, నాకు అలవాటు ఎందుకు అనుకున్నాను. దీక్ష అయ్యాక నెలన్నర మామూలు బూట్లలో గడిపిన సంగతి మర్చిపోయాను. బూట్లు వచ్చిన రోజే పొద్దున్నుంచి రాత్రి దాకా తొడిగాను. రెండో రోజు మెట్లు దిగుతుంటే పిక్కలు కొయ్యబారిపోయాయి. ఎత్తు మడమకి అలవాటుపడి కురచబారిన పిక్కని ఒక్కసారిగా కిందికి లాగితే అది ఊరుకోదు. అది వారంలో తగ్గింది. మూడో వారంలో కుడి పాదం పైభాగంలో, రెండో వేలి ఎముక దగ్గర, నొక్కితే నొప్పి మొదలైంది. డాక్టర్ ఎక్స్‌రే తీయించి ఎముకకేమీ కాలేదన్నారు కానీ, ఇలాగే తిరిగితే సన్నటి పగులు రావచ్చని మూడు వారాలు ఆపించారు. ఆ మూడు వారాలూ టెన్షనే. తర్వాత రోజుకి అరగంటతో మళ్లీ మొదలుపెట్టి, వారం వారం పెంచుకుంటూ రోజంతా తొడగడానికి నాలుగు నెలలు పట్టింది.

అమ్మేవాళ్లు సైన్సు అంటూ చూపించేవి చదివేటప్పుడు కొంచెం జాగ్రత్త. 2010లో నేచర్ పత్రికలో హార్వర్డ్‌కి చెందిన డేనియల్ లీబర్మన్ బృందం రాసిన వ్యాసం గురించి ఎక్కడ చూసినా కనబడుతుంది. అలవాటుగా ఉత్త కాళ్లతో పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీద దిగుతారని, ఆ తాకిడి తక్కువని అందులో ఉంది. కానీ అది పరుగు గురించి. ఆఫీసుకి నడిచివెళ్లే నాకు దానితో పనేముంది? వేళ్లు విడివిడిగా ఉండే షూలతో పేరు తెచ్చుకున్న వైబ్రమ్ కంపెనీ, వాటివల్ల ఆరోగ్యానికి మేలని చేసిన ప్రచారం మీద అమెరికాలో కేసు పడితే, తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీపడింది. కాబట్టి నడుంనొప్పి పోతుంది, మోకాళ్లు బాగవుతాయి అని ఎవరైనా అంటే నేను వినను. నా నడుంనొప్పి ఎక్కడున్నది అక్కడే ఉంది.

పల్చటి సోల్ సంగతి ఆఫీసు నేల మీద ఒక రకం, ఊళ్లో ఇంకో రకం. నున్నటి నేల మీద నడుస్తుంటే హాయిగా ఉంటుంది. కాలికింద ఏముందో తెలుస్తుంది, కాళ్లు తేలిగ్గా ఉంటాయి. సంక్రాంతికి ఊరెళ్లి పొలం గట్టు మీద నడిచాను. పల్లేరుకాయలు సోల్ నిండా గుచ్చుకున్నాయి గానీ లోపలికి రాలేదు. తుమ్మ ముల్లు మాత్రం 8 మిల్లీమీటర్లూ దాటి నేరుగా అరికాల్లోకి దిగింది. పక్కన నడుస్తున్న మా బాబాయి కాలికున్నవి లారీ టైరు చెప్పులు. ఆయన నా బూట్ల ధర అడిగారు. నేను మాట మార్చాను.

బైకు మీద ఇంకో తంటా. గేరు పైకి ఎత్తేటప్పుడు లివరు నేరుగా బొటనవేలి గోటి మీద పడుతుంది. అంత మెత్తటి తోలు ఏమాత్రం ఆపలేదు. గోరు నల్లబడ్డాక లివరుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను, సర్దుకుంది. చీలమండ దాకా ఉంది కదా అని వీటిని బైకు బూట్లనుకోకండి. పడితే కాపాడే గట్టిదనం వీటిలో లేదు.

వానాకాలం గురించి చెప్పేదేముంది, తడిసిన టైల్స్ మీద జారుతాయి, తోలు రెండు రోజులకి గానీ ఆరదు.

పద్నాలుగో నెలలో కుడి బూటు వేళ్లు వంగేచోట సోల్ ఊడింది. కంపెనీకి ఫొటోలు పంపితే వారంటీ ఆరు నెలలే అన్నారు, మర్యాదగానే. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన బూటుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బూటా, సాక్సా సార్? దీనికి మేకు ఏడ కొట్టాలె?" అన్నాడు. పల్చటి సోల్‌కి మేకు కొడితే కాల్లోకే దిగుతుంది మరి. చివరికి గమ్ పెట్టి చుట్టూ దారంతో కుట్టాడు, 250 రూపాయలు. ఏడాది దాటినా ఆ కుట్టు చెక్కుచెదరలేదు. కాకపోతే దారం దిగిన రంధ్రాల్లోంచి ఇప్పుడు నీళ్లు లోపలికొస్తాయి.

నాన్న తనకి కూడా ఒక జత తెప్పించమని అడిగారు. ఆయనకి ఇరవై ఏళ్లుగా షుగర్, అరికాళ్లు తిమ్మిర్లు. ఇవి వద్దనే చెప్పాను. ముల్లు గుచ్చుకున్నా తెలియని కాలికి పల్చటి సోల్ అంటే కోరి పుండు తెచ్చుకోవడమే. ఆయనకి షుగర్ ఉన్నవాళ్లకి డాక్టర్లు రాసే, మెత్తటి రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులే మంచివి. వాటిలోనూ వెనక పట్టీ ఉన్నవి తీసుకున్నాం. ఆయన కొంచెం అలిగారు.

పాత జత సోల్ మడమ బయటి అంచున కాగితంలా అరిగిపోయింది. పోయిన నెల రెండోది కొన్నాను. ఈసారి కాగితం మీద గీసిన పాదాన్ని పక్కన పెట్టుకుని వెడల్పు మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గకుండా చూశాను. సోల్ 10 మిల్లీమీటర్లది, గమ్ కాకుండా కుట్టుతో బిగించింది, మన దేశంలోనే చేసింది, 6,200 రూపాయలు. బేర్‌ఫుట్ అభిమానులు దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు, మరీ మందమంటారు. వాళ్లు మా ఊరి తుమ్మచెట్ల కింద నడిచి ఉండరు.