పిల్లలతో కురుమూర్తి నుంచి సాగర్ దాకా: ఎక్కడ ‘వద్దు’ అన్నారు, ఎక్కడ అనలేదు

దీపావళి వెళ్లిందంటే మా పాలమూరు వాళ్లకు కురుమూర్తి జాతరే. ఈసారి అక్క పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని జాతరతో మొదలుపెట్టి, పిల్లలమర్రి, మయూరి పార్కు, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఒక పెద్ద వాటర్ పార్కు, చివరికి నాగార్జునసాగర్ చూసొచ్చాం. ఏది బాగుందని అడిగేవాళ్లకు నా లెక్క ఒక్కటే. టికెట్ కొన్నవాణ్ని కూడా గేటు దగ్గర ఆపి వెనక్కి పంపగలిగే మనిషి ఎక్కడున్నాడు? బోర్డులైతే అన్నిచోట్లా ఉన్నాయి.

చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ దగ్గరి గుట్ట మీద కురుమూర్తి స్వామి. చిన్నవడ్డెమాన్ నుంచి ఉద్దాలు (స్వామి పాదుకలు) ఊరేగి వచ్చే రోజు కాలు పెట్టే సందుండదు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రోజు తప్పించి వెళ్లడం మేలు. గుట్ట కింద జాయింట్ వీల్, కొలంబస్, చిన్న రైలు. కొలంబస్ పడవలో వరుస మొత్తానికీ ఒకటే కడ్డీ. అది లావుపాటి మనిషి తొడలకు తగిలి అక్కడే ఆగిపోతుంది, పక్కన కూర్చున్న పిల్లవాడి ఒడికీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ఎత్తు కొలిచి ఎక్కించాలనేది ఇందుకే, పిల్లలు భయపడతారని కాదు. మావాణ్ని చూపించి అడిగితే నడిపే అతను, “ఏం గాదన్నా, గట్టిగ పట్టుకొమ్మను, సాలు” అన్నాడు. నేనే ఎక్కించలేదు. చిన్న రైలెక్కి అలిగి కూర్చున్నాడు.

మయూరి పార్కు రెండు వేల ఎకరాలకు పైనే. పొద్దున్నే వెళ్తే హాయి, మధ్యాహ్నం వెళ్తే నడకే మిగులుతుంది. పిల్లలమర్రి దగ్గర కాసేపు ఆగాం. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, చెదలు పట్టిన ఆ చెట్టుకు మరుసటి ఏడాది సెలైన్ సీసాలతో మందెక్కించారు. మా చిన్నప్పుడు కొమ్మలెక్కి, ఊడలు పట్టుకుని ఊగి, కాండం మీద పేర్లు చెక్కినవాళ్లే ఇప్పుడు కంచె చూసి గొణుగుతున్నారు. నాకైతే కంచె నచ్చింది. పిల్లలకు విసుగొచ్చింది, అది వేరే సంగతి.

వాటర్ పార్కు దగ్గర అసలైన పని చూశాను. రైడ్ గేటు పక్కన ఎత్తు కొలిచే కర్ర. మావాడు మునివేళ్ల మీద లేచాడు. అక్కడున్న అమ్మాయి నవ్వుతూనే, “మడమలు ఆనించు బాబూ” అని, చాలలేదని పక్కకు పంపేసింది. మా వెనకాయన కొడుకుదీ అదే కొలత. “డబ్బులు కట్టలేదా?” అని ఆయన గొంతు పెంచాడు. ఆమె మాట పెంచలేదు, రైడ్ ఆపించి సూపర్వైజర్ని పిలిచింది. వరుసలో ఉన్న జనమంతా ఆయన్నే చూసేసరికి తప్పుకున్నాడు. రైడ్ కదిలేముందు ఒకబ్బాయి ప్రతి కడ్డీనీ చేత్తో గుంజి చూసి, బొటనవేలు పైకెత్తాకే స్విచ్ వేశారు. నీళ్ల జారుడుబల్ల మీద ముందు జారినవాళ్లు మడుగులోంచి బయటికి రాందే రెండోవాళ్లను వదల్లేదు.

నైలాన్ బట్టలు తప్పనిసరి అన్నారు. అక్క చుడీదార్ మీదే దిగుతానని కాసేపు వాదించింది గానీ, కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, చున్నీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గోకార్టు నడుపుతూ వెంట్రుకలు చక్రంలో చిక్కి ఒక విద్యార్థిని చనిపోయింది. ఆ మాటెత్తాక అక్క ఇంకేమీ అనలేదు. బట్టల అద్దె మాత్రం గుండె గుభేలుమనేంత. మా సంచిలో సకినాలు వెతికిన శ్రద్ధ కూడా తక్కువేం కాదు, తిండి లోపలే కొనాలి మరి.

సాగర్‌లో నాగార్జునకొండ లాంచీ ఎక్కాం. శుక్రవారం కొండ మీది మ్యూజియం మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి ఇంకా అందరికీ గుర్తుంది, అయినా ఫొటో అనగానే లైఫ్ జాకెట్ విప్పేవాళ్లున్నారు. లాంచీ అతను ఒడ్డునే నిలబడి, “అందరు కట్టుకున్నంకనే కదుల్తది” అన్నాడు. ఒక పెద్దాయన బకిల్ పెట్టుకోలేక అవస్థ పడుతుంటే వంగి తనే పెట్టాడు. ఆలస్యమైంది, ఒక్కరూ విసుక్కోలేదు.

రాత్రికి దిగిన ప్రైవేటు లాడ్జి గదులు శుభ్రం, పప్పుచారు అద్భుతం. స్విమ్మింగ్ పూల్ దగ్గర పిల్లలు జాగ్రత్త అని రాశారు గానీ గట్టు మీద లోతు అంకెలు లేవు, కాపలా మనిషీ లేడు. లోతెంతని మేనేజర్ని అడిగాను. ఆయన నీళ్లలో ఉన్న ఇంకో గెస్టు పిల్లగాణ్ని కేకేశాడు: “ఒరేయ్, నీకు ఎంతదాక వస్తున్నయిరా నీళ్లు?”